గుర్రమా, ఏనుగా? ఒక పాచికల ఆట అడిగిన ప్రశ్న, మన రాజులు చెప్పిన జవాబు

వెనకాల పక్షుల గోల వినిపిస్తే ఏమీ అనుకోకండి. ఈసారి గదిలో లైట్లు పెట్టుకుని మాట్లాడటం లేదు, కొండకర్ల ఆవ గట్టు మీద కూర్చున్నాను. తెలియనివాళ్లకి చెబుతున్నా, ఇది అనకాపల్లి జిల్లాలో ఉన్న మంచినీటి సరస్సు. మన రాష్ట్రంలో కొల్లేరు తర్వాత పెద్దది ఇదే అంటారు. అదిగో, ఆ తామరాకుల మధ్య తాటి దోనెలో ఒకాయన వెళ్తున్నాడు, చూశారా? తాటి మొద్దుని తొలిచి చేస్తారు. ఇక్కడి నీళ్లకి, ఇక్కడి నాచుకి, ఇక్కడి చెట్టుతో చేసుకున్న వాహనం. ఆ దోనెని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తా.

ఈ ఎపిసోడ్ ఎలా పుట్టిందో ముందు చెప్పాలి. సంక్రాంతికి మా తాత ఊరు వచ్చాం. మా బావ, మా చిన్నాన్న కూతురు, నా పాత ఆఫీసు ఫ్రెండ్ ఒకడు, నేను. భోగి సాయంత్రం అరుగు మీద డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదలుపెట్టాం. ఈ ఆట 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చారు. స్క్రీన్ ఉండదు. ఒకడు కథ నడిపిస్తాడు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. చేద్దామనుకున్న పని అయిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కథ నడిపేవాణ్ణి నేను. అంటే తిట్లు తినేవాణ్ణి కూడా నేనే.

మా చెల్లి పొట్టి జాతి పాత్ర తీసుకుంది, దానికి వేటకుక్క మీద స్వారీ కావాలంది. సరే అన్నాను, ఎందుకంటే రూల్ ఒప్పుకుంటుంది. ఎక్కేవాడి కన్నా ఆ జంతువు కనీసం ఒక సైజు పెద్దదై ఉండాలి, దాని ఒళ్లు ఎక్కడానికి వీలుగా ఉండాలి, అది ఒప్పుకోవాలి. అంతే. ఎక్కడానికి, దిగడానికి నీ వంతులో నడవగలిగే దూరంలో సగం ఖర్చవుతుంది. మా బావ పట్టిక అంతా చూసి ఏనుగు కావాలన్నాడు. వాడి పాత్ర అడవి వేటగాడు. ఆ పాత్రకి మూడో లెవెల్‌లో ఒక తోడు జంతువు దొరుకుతుంది కానీ, 2014 పుస్తకం ప్రకారం అది మనిషంత సైజు దాటకూడదు. ఏనుగు కుదరదన్నాను. "అయితే కొనుక్కుంటాను" అన్నాడు. ధరలు చూశాడు. ఏనుగు 200 బంగారు నాణేలు, యుద్ధానికి తయారు చేసిన గుర్రం 400.

"ఇదేటి బావా, ఏనుగు కన్నా గుర్రం ఖరీదా? ఈ పుస్తకం రాసినోడికి మతుందా?"

నేను కూడా అదే అనుకున్నా. ఏనుగుని ఎప్పుడూ దగ్గరగా చూడని అమెరికావాళ్లు ఏదో అంకె వేసేశారులే అన్నాను. అప్పుడు నులకమంచం మీద పడుకున్న మా తాత, కళ్లు తెరవకుండానే ఒక ప్రశ్న వేశాడు. "ఆ ఏనుక్కి మేతెవడు ఏస్తాడ్రా?"

అందరం నవ్వేశాం. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో, తర్వాత పుస్తకాల్లో వెతకడం మొదలుపెట్టాను. బావ ప్రశ్న, తాత ప్రశ్న, రెండూ మన రాజ్యాలని కొన్ని వందల ఏళ్లు నడిపించిన ప్రశ్నలే అని తేలింది.

ఏనుగుతో మొదలుపెడదాం, ఎందుకంటే అది మన లోకల్.

1905లో మైసూరు ఓరియంటల్ లైబ్రరీలో ఆర్. శామశాస్త్రిగారి చేతికి ఒక తాళపత్ర ప్రతి వచ్చింది. 1909లో అచ్చయింది. అదే కౌటిల్యుడి పేరు మీద ఉన్న అర్థశాస్త్రం. మనం ఇప్పుడు గేమ్స్‌లో టియర్ లిస్ట్ అంటాం కదా, అందులో ఏనుగులకి అచ్చంగా అలాంటి లిస్టే ఉంది. ఏ ప్రాంతం ఏనుగులు ఉత్తమం, ఏవి మధ్యమం, ఏవి అధమం. ఉత్తమం వరుసలో అంగ, కరూశ లాంటి పేర్ల పక్కన ఉన్న పేరు ఏంటో తెలుసా? కళింగ. ఇప్పుడు నేను కూర్చున్న చోటు ఆ కళింగకి దక్షిణపు అంచు. సౌరాష్ట్ర ఏనుగులకి అధమం ర్యాంక్ ఇచ్చారు, గుజరాత్ ఫ్రెండ్స్ క్షమించాలి. గుర్రాలకి వచ్చేసరికి లిస్ట్ మొత్తం తిరగబడుతుంది. ఉత్తమం అన్నవి కాంబోజ, సింధు, ఆరట్ట, వనాయు. అంతా వాయవ్య దిక్కు, ఇంకా అవతల. ఆ లిస్టులో మన తెలుగు నేల పేరే లేదు.

ఆ పుస్తకం ఏనుగుని ఎంచుకునే పద్ధతి చెబుతుంటే నాకు క్యారెక్టర్ షీట్ చదువుతున్నట్టే ఉంది. ఎండాకాలంలో పట్టాలి. ఇరవై ఏళ్లది పట్టాలి. గున్నని, దంతాలు లేనిదాన్ని, రోగిష్టిదాన్ని, చూలుతో ఉన్నదాన్ని, పాలిస్తున్నదాన్ని ముట్టుకోకూడదు. అన్నిటికన్నా మేలైనది నలభై ఏళ్లది. ఏడు మూరల ఎత్తు, తొమ్మిది మూరల పొడవు, పది మూరల చుట్టుకొలత. ముప్ఫై ఏళ్లది మధ్యమం, పాతికేళ్లది దాని కింద. మూర అంటే అడుగున్నర వేసుకున్నా, ఏడు మూరలంటే పదిన్నర అడుగులు. మా అరుగు పైన చూరు కన్నా ఎత్తు.

మా తాత ప్రశ్నకి జవాబు కూడా అందులో ఉంది. మేతని ఎత్తుని బట్టి లెక్కగట్టారు, మూరకి ఇంత అని. బియ్యం, నూనె, నెయ్యి, ఉప్పు, మాంసం, గడ్డి. అలిసిపోతే తాగడానికి వేరే. అంటే ఏనుగు ఎంత పెరిగితే ఖజానాకి అంత చిల్లు. అంకెలు వేసినవాళ్లకి ఏనుగు అంటే ఏంటో బాగా తెలుసు.

ఇంకొక్కటి చెప్పి ముందుకి వెళ్తా. ఏనుగుల కోసం రాజ్యం అంచున అడవులు కేటాయించి, వాటికి అధికారిని, కాపలావాళ్లని పెట్టమంటుంది ఆ పుస్తకం. ఏనుగుని చంపినవాడికి మరణశిక్ష. తనంతట తాను చచ్చిపోయిన ఏనుగు దంతాలు తెచ్చి అప్పగించినవాడికి నాలుగున్నర పణాలు బహుమతి. జంతు ప్రేమ అనుకోకండి. ఏనుగులు ఇంట్లో పిల్లల్ని పెట్టడం అరుదు, పెట్టినా ఆ గున్న యుద్ధానికి పనికొచ్చేసరికి ఒక తరం దాటిపోతుంది. అందుకని అడవే ఫ్యాక్టరీ. అడవిని కాపాడుకోకపోతే సైన్యం లేదు.

ఈ ర్యాంక్ ఒక్క పుస్తకం మాటే కాదు. ఒకటో శతాబ్దంలో రోమ్‌లో కూర్చుని రాసిన ప్లినీ, కళింగ రాజుకి 60,000 కాల్బలం, 1,000 గుర్రాలు, 700 ఏనుగులు అని లెక్క చెప్పాడు. ఆ అంకెలు నిజమా కాదా అన్నది పక్కన పెట్టి, నిష్పత్తి చూడండి. ఏనుగులూ గుర్రాలూ దాదాపు సమానం! ఏడో శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన యువాన్ చువాంగ్ కూడా కళింగ గురించి రాస్తూ, ఇక్కడి నల్లటి పెద్ద అడవి ఏనుగులంటే చుట్టుపక్కల రాజ్యాలవాళ్లకి మోజు అన్నాడు.

ఇప్పుడు మన దోనె దగ్గరికి రండి. ఇలాంటి ఆవలు, ఊబులు, తాటితోపులు, కొండలు, మధ్యలో వరద కాలవలు. ఇందులో గుర్రాన్ని పరిగెత్తించి చూడండి. మోకాలు దాకా దిగిపోతుంది. ఏనుగు అయితే చెట్టు అడ్డమొస్తే తోసేస్తుంది, నీళ్లు అడ్డమొస్తే ఈదేస్తుంది. అర్థశాస్త్రంలో ఏ నేల ఏ దళానికి పనికొస్తుందో వేరే అధ్యాయమే ఉంది. మన ఆటలో చాలామంది చేసే తప్పు ఇదే. జంతువు వేగం చూస్తారు, దెబ్బ చూస్తారు. మ్యాప్ చూడరు.

సరే, ఇంత మంచి ఏనుగులు మన పెరట్లోనే ఉంటే గుర్రం కోసం అంత ఖర్చు ఎందుకు?

వేగం. ఏనుగు గోడ లాంటిది, గుర్రం గాలి లాంటిది. ఇంకా పెద్ద కారణం, ఏనుగుకి సొంత బుర్ర ఉంది. మా ఆటలో రూల్ ఇలా ఉంటుంది. శిక్షణ ఉన్న వాహనం నీ అదుపులో ఉంటుంది, కానీ అది పరిగెత్తడం, తప్పుకోవడం, కాచుకోవడం మాత్రమే చేస్తుంది. సొంత బుద్ధితో నడిచే వాహనం అయితే దానికిష్టమైంది చేస్తుంది, నిన్ను వదిలేసి పారిపోవచ్చు కూడా. క్రీస్తుపూర్వం 326లో జీలం నది ఒడ్డున పురుషోత్తముడి ఏనుగులు సరిగ్గా అదే చేశాయి. అలెగ్జాండర్ సైనికులు మావటీల్ని కొట్టి, ఏనుగుల్ని గాయపరిచేసరికి, అవి శత్రువు ఎవడో మనవాడు ఎవడో చూడకుండా తొక్కేశాయి. మావటి పడిపోతే ఏనుగు ఎవరి పక్షమూ కాదు.

అందుకే గుర్రం కావాలి. కానీ మంచి గుర్రం ఇక్కడ పుట్టదు. పచ్చిక మైదానాలు తక్కువ, ఉక్క ఎక్కువ. మరి ఎక్కడి నుంచి? సముద్రం మీద.

మోటుపల్లి పేరు విన్నారా? ఇప్పుడు బాపట్ల జిల్లాలో చిన్న ఊరు. కాకతీయుల కాలంలో ఇంటర్నేషనల్ పోర్ట్. అక్కడ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. అందులో ఆయన చెప్పేది ఏంటంటే, ఇంతకుముందు రాజులు తుఫానుకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాక్కునేవాళ్లు. మేం అలా చెయ్యం. ప్రాణానికి తెగించి సముద్రం దాటి వచ్చినవాళ్ల దగ్గర కట్టాల్సిన సుంకం తప్ప ఇంకేం తీసుకోం. ఇది దయ అని శాసనమే అంటుంది. నాకైతే లెక్క కూడా కనిపిస్తుంది. ఓడ మునిగితే సరుకు పోతుందన్న భయం ఉన్నంతకాలం, గుర్రాల వర్తకుడు వేరే రేవు చూసుకుంటాడు. ఆయన పడవ నీ శత్రువు రేవులో ఆగితే, ఆ గుర్రాలు రేపు నీ మీదకే వస్తాయి. ఆ రోజుల్లో కాకతీయ శాసనాల్లో 'సాహిణి' అన్న మాట పేర్ల చివర కనిపిస్తుంది. గణపతిదేవుడి దగ్గర గంగయ సాహిణి చాలా పెద్దవాడు. గుర్రాలు, ఏనుగుల దళాలు చూసుకునే పదవి నుంచి వచ్చిన మాట అది. యానిమల్ హ్యాండ్లింగ్ స్కిల్‌కి రాష్ట్రస్థాయి ఉద్యోగం అనుకోండి.

తెచ్చుకోవడం ఒక ఎత్తు, బతికించుకోవడం ఇంకో ఎత్తు. పదమూడో శతాబ్దం చివర్లో మార్కో పోలో ఈ తూర్పు తీరం మీదుగా వెళ్లాడు. తమిళ తీరం గురించి ఆయన రాసింది చదివితే నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి. అక్కడి రాజు ఏడాదికి రెండు వేల గుర్రాలు కొంటాడట. హోర్ముజ్ నుంచి, ఏడెన్ నుంచి వస్తాయి. ఏడాది తిరిగేసరికి వందైనా మిగలవట. కారణం? గుర్రాన్ని చూసుకోవడం తెలిసినవాళ్లు లేరు. అన్నంతో కలిపి ఉడికించిన మాంసం పెట్టేవారట గుర్రాలకి! ఇంకా అసలు మాట ఏంటంటే, గుర్రపు వైద్యం తెలిసినవాళ్లని ఆ వర్తకులు వెంట తీసుకురారు, ఎవరైనా వస్తామన్నా రానివ్వరు. గుర్రాలు చస్తేనే కదా వచ్చే ఏడాది వ్యాపారం. ఫోన్ అమ్మి, స్పేర్ పార్ట్ దొరక్కుండా చేసే కంపెనీల్ని చూశాం కదా, అదే ఐడియా 700 ఏళ్ల కిందట. పోలో మాటలన్నీ పట్టుకుని ప్రమాణం చెయ్యలేం, ఆయనకి కథలంటే ఇష్టం. కానీ ఇక్కడ మేలుజాతి ఆడగుర్రం ఈనినా కాళ్లు వంకర పోయిన పిల్లే పుడుతుందన్న ఆయన మాట చూస్తే, కొనడం తప్ప దారి లేదన్న సంగతి అప్పటికే అందరికీ తెలుసనిపిస్తుంది.

ఇక విజయనగరం. ఇక్కడ కాసేపు ఆగుతాను.

1530ల్లో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఫెర్నావ్ న్యూనిజ్. ఆయన రాసుకున్నదాంట్లో సాళువ నరసింహరాయల గురించి ఒక ముచ్చట ఉంది. ఈయన పదిహేనో శతాబ్దం చివర్లో గద్దెనెక్కాడు. గుర్రాల వర్తకులు ఎంత అడిగితే అంత ఇచ్చేవాడట. వెయ్యి పర్దావులకి మూడు గుర్రాలు. బతికి వచ్చినా సరే, చచ్చి వచ్చినా సరే. సముద్రం మీద చచ్చిపోయిన గుర్రానికి తోక కోసి తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రం ధరే ఇచ్చేవాడట!

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటాం కదా. ఇక్కడ గుర్రం.

మొదట చదివినప్పుడు ఈ రాజుకి మతి పోయిందనుకున్నా. తర్వాత గణపతిదేవుడి శాసనం పక్కన పెట్టి చూస్తే అర్థమైంది, ఇది అదే పాలసీకి తర్వాతి వెర్షన్. దారిలో జరిగే నష్టం వర్తకుడిది కాదు, నాది. నువ్వు మాత్రం నా దగ్గరికే రా. ఇప్పటి భాషలో ఇన్సూరెన్స్. పక్కనే బహమనీ సుల్తానులు అవే గుర్రాల కోసం చూస్తున్నారు మరి.

న్యూనిజ్ ఇంకో లెక్క కూడా చెప్పాడు. నాటు గుర్రాలైతే వెయ్యి పర్దావులకి 12 నుంచి 15 దాకా వచ్చేవి. హోర్ముజ్ గుర్రానికి, నాటు గుర్రానికి ధరలో నాలుగైదు రెట్లు తేడా. రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని, మేలైనవి తన సాలలో ఉంచుకుని నాటువి సైన్యాధికారులకి ఇచ్చేవాడని రాశాడు. ఇచ్చిన ప్రతి గుర్రం మీద రాజముద్ర కాల్చి వేసేవాళ్లు. గుర్రం చస్తే, ముద్ర ఉన్న చర్మం ముక్క కోసి తెచ్చి అశ్వశాల అధికారికి చూపిస్తే ఇంకోటి ఇచ్చేవాళ్లు. ముద్ర లేకపోతే గుర్రం లేదు. నేను ఐటీలో ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ మీద అసెట్ ట్యాగ్ ఊడిపోతే పెట్టిన హింస గుర్తొచ్చింది.

1510లో అల్బుకెర్క్ గోవా పట్టుకున్నాక, గుర్రాల ఓడలు ఎక్కడ ఆగాలో చెప్పే తాళం పోర్చుగీసుల చేతికి పోయింది. ఇటు విజయనగరం, అటు బీజాపూర్, ఇద్దరూ ఆ గుర్రాలు మాకే కావాలని వాళ్ల చుట్టూ తిరిగారు. ఆ కాలంలోనే రాజైన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ ఈ సంగతి మీద నేరుగా మాట్లాడాడు. రేవుల్ని బాగు చెయ్యాలి, దూరదేశాల నుంచి ఏనుగులు, మేలైన గుర్రాలు తెచ్చే వర్తకులకి ఊళ్లివ్వాలి, నగరంలో ఇళ్లివ్వాలి, రోజూ దర్శనమివ్వాలి, లాభం చూపించాలి. లేదంటే ఆ సరుకు శత్రువుకి పోతుంది. స్కూల్లో ఈ పుస్తకం పేరు కవి పరిచయంలో రెండు మార్కుల కోసం బట్టీ పట్టాం. లోపల సప్లై చైన్ ఉందని ఒక్కరైనా చెప్పారా? హంపి వెళ్తే హజారరామ ఆలయం ప్రహరీ గోడ చూడండి. వరసగా ఏనుగులు, గుర్రాలు, వాటిని నడిపిస్తున్న మనుషులు. ఫోటో తీసుకుని జూమ్ చేసి చూడండి.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన ముక్క. అప్పటి తెలుగువాళ్లు ఈ లోకంలో మూడు పెద్ద సింహాసనాలు ఉన్నాయని చెప్పుకునేవాళ్లు. రాయవాచకంలో ఇది కనిపిస్తుంది. ఢిల్లీ ఏలే తురుష్కుడు అశ్వపతి. ఒడ్డె రాజ్యం ఏలేవాడు గజపతి. విజయనగరం ఏలేవాడు నరపతి. చూడండి, రాజు ఎవడో చెప్పడానికి కులం చెప్పలేదు, మతం చెప్పలేదు. ఏం ఎక్కుతాడో చెప్పారు! గుర్రాల నేల ఆయనది, ఏనుగుల అడవి ఈయనది. మరి నరపతి? మనుషుల బలం ఉన్నవాడు. మా చెల్లి అయితే "అంటే మౌంట్ లేని క్లాసా అన్నయ్యా?" అంది. లేదు. నా ఉద్దేశంలో నరపతి తెలివైన క్లాస్. సొంతంగా ఏదీ పుట్టని చోట ఉండి, రెండూ కొనుక్కొచ్చి సైన్యం కట్టినవాడు. చివరికి ఆ నరపతే 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు తీసుకుని, 1516కల్లా గజపతి ఇలాకాలో సింహాచలం దాకా వచ్చాడు. ఆయన శాసనం ఇప్పటికీ ఆ గుడిలో ఉంది. ఇక్కడి నుంచి బండేసుకుంటే గంటన్నర. గజపతి అన్న మాట మాత్రం పోలేదు. విజయనగరం పూసపాటి వారి పేర్లలో ఈరోజుకీ ఉంది.

దేవుడి విషయానికొస్తే ఈ గొడవే లేదు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో గజవాహనం ఒక రాత్రి, అశ్వవాహనం ఒక రాత్రి.

కొనడం సరే, పది గుర్రాలు ఎదురుగా నిలబెడితే మంచిది ఏదో ఎలా తెలుస్తుంది? దానికి సంస్కృతంలో శాలిహోత్రుడి పేరు మీద పెద్ద శాస్త్రమే ఉంది. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణవిలాసం అని ఒక పద్యకావ్యమే రాశాడు. అవును, గుర్రాల బయ్యింగ్ గైడ్, పద్యాల్లో. ఈ శాస్త్రంలో ముఖ్యమైంది సుడులు. ఒంటి మీద వెంట్రుకలు ఎక్కడ, ఎటు తిరిగాయో చూసి శుభం, అశుభం చెబుతారు. ఇందులో సగం మూఢనమ్మకం, మొహమాటం లేకుండా చెప్పేస్తున్నా. కానీ మిగతా సగం నిజమైన చూపు. నడకల్నే చూడండి, అమరకోశంలో గుర్రం నడకలకి అయిదు పేర్లున్నాయి. ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. పంచధారలు అంటారు. మా ఆటలో గుర్రానికి వేగం అని ఒకటే అంకె. అంకెవన్నె అన్న మాట మీలో ఎంతమందికి తెలుసు? రౌతు కాలు పెట్టుకునే రికాబు. ఎంత మంచి మాటో, గుర్రాలతో పాటే పోయింది. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందన్న సామెత మాత్రం మిగిలింది, అది కూడా మేనేజర్ల మీద వాడుతున్నాం.

సుడుల సంగతి నేను పుస్తకంలో చూడకముందే మా తాత దగ్గర చూశాను. చిన్నప్పుడు సంతకి తీసుకెళ్లేవాడు. ఎద్దు ముందు నిలబడి ముందు నుదురు చూసేవాడు, తర్వాత మూపురం, తర్వాత గిట్టలు. పళ్లు లెక్కపెట్టేవాడు. అప్పుడు అమ్మేవాణ్ణి పక్కకి పంపేసి, పది అడుగులు నడిపించి, నడక చూసేవాడు. ధర మాట చివర. తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్లతో బేరం. ఒకసారి అన్నీ బాగున్న ఎద్దుని వద్దనేశాడు. ఎందుకు తాతా అంటే, "నన్ను చూసి బెదిరిపోనాది, రేపు నాగలి చూసి బెదరదేటి" అన్నాడు. మా రూల్‌బుక్‌లో 'ఒప్పుకోవాలి' అన్న ఒక్క మాట ఉంది కదా, దానికి ఆయన పెట్టిన పరీక్ష అది.

ఆయన చివరి జత నేను బీటెక్ రెండో సంవత్సరంలో ఉండగా అమ్మేశాడు. ట్రాక్టర్ వచ్చాక దుక్కికి ఎద్దులు అక్కర్లేదు, నా హాస్టల్ డబ్బులకి అక్కరకొస్తాయి అని ఇంట్లో అన్నారు. నాకు ఆ సంగతి సెలవులకి ఇంటికొచ్చాక, సాల ఖాళీగా చూశాక తెలిసింది. ఆ చదువుతో వచ్చిన ఉద్యోగం నాలుగేళ్లకి నేనే వదిలేసి ఈ వీడియోలు మొదలుపెట్టానని చెప్పినప్పుడు ఆయన ఏమీ అనలేదు. సాలలో ఇప్పుడు నా బైక్ పెడుతున్నాం.

మరి ఆ ఉత్తమ ర్యాంక్ ఏనుగులు ఏమయ్యాయి? అడవి తగ్గింది, తుపాకీ వచ్చాక యుద్ధంలో వాటి పని పోయింది, ఇటువైపు ఏనుగు అన్నది గుళ్లో, గోడ మీద బొమ్మగా మిగిలింది. తర్వాత ఈ మధ్య కాలంలో ఒడిశా అడవుల నుంచి గుంపులు మళ్లీ శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం వైపు రావడం మొదలైంది. అరటి, చెరకు, వరి తొక్కేశాయి. మనుషులు చనిపోయారు. 2023 మే నెలలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో కరెంటు తగిలి ఒకేసారి నాలుగు ఏనుగులు చనిపోయాయి. ఒకప్పుడు ఏనుగుని చంపితే తల తీయమన్న పుస్తకం, ఏ ప్రాంతం ఏనుగుల్ని మొదటి వరసలో పెట్టిందో, ఆ ప్రాంతంలోనే. పంట పోయిన రైతుకి ఈ చరిత్ర చెప్పి లాభం లేదు, ఆయన నష్టం ఆయనది. ఆ నాలుగు ఏనుగుల ఫోటో చూశాక నేను మాత్రం ఆ వార్త పేజీని వెంటనే మూసెయ్యలేకపోయాను.

చిత్తూరు వైపు కూడా ఏనుగుల గొడవ ఉంది. వాటిని వెనక్కి తోలడానికి శిక్షణ ఉన్న ఏనుగులు కావాలి, కుంకీలు అంటారు. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం బెంగళూరులో మన రాష్ట్రానికి కుంకీ ఏనుగుల్ని అప్పగించింది. అంటే ఏనుగుని అదుపు చెయ్యడం తెలిసిన ఏనుగు కోసం, కళింగని కడుపులో పెట్టుకున్న రాష్ట్రం పక్క రాష్ట్రాన్ని అడగాల్సి వచ్చింది. అక్కడ అడవి శాఖ క్యాంపుల్లో మావటీల పని తరం నుంచి తరానికి నిలబడింది. ఇక్కడ తెగిపోయింది.

ఇక మా ఆట. కనుమ రోజు సాయంత్రం మళ్లీ కూర్చున్నాం. బావకి ఏనుగు ఇచ్చేశాను. షరతులు పెట్టాను. వయసు ఇరవై. యుద్ధం నేర్చుకోలేదు కాబట్టి అదుపులో ఉండదు, సొంత బుద్ధి. మావటి జీతం నెలనెలా ఇవ్వాలి. మావటి పడిపోతే ఏనుగు ఏం చేస్తుందో పాచికే చెబుతుంది. అన్నిటికీ ఒప్పుకున్నాడు. మొదటి ఊబి దాటేటప్పుడు మా ఆఫీసు ఫ్రెండ్ 400 నాణేల గుర్రం ఇరుక్కుపోతే, దాన్ని లాగింది ఆ ఏనుగే. వాడు అప్పటి నుంచి బావతో మాట్లాడటం లేదు.

ఒక గడి మాత్రం ఖాళీగా ఉండిపోయింది. బావ తన కాగితం మీద కింద 'మేత' అని రాసి, ఎదురుగా ఎంత వెయ్యాలో తెలీక కాగితం తీసుకెళ్లి మంచం దగ్గర పెట్టాడు. తాత కళ్లజోడు పెట్టుకుని, ఏనుగు ఎత్తెంత అని అడిగాడు. ఏడు మూరలు అన్నాను. కాసేపు వేళ్లు లెక్కపెట్టి, మా ఎద్దుల జత ఎంత తినేదో చెప్పి, దాన్ని ఇంతలంతలు చెయ్యమని బావ చేత రాయించాడు. పెన్సిల్‌తోనే, ఎందుకంటే వానాకాలం అయితే లెక్క వేరట.